రామోజీనా, వండర్లానా? పాతిక వేలతో ఐదుగురి మొదటి యాత్ర

ఇంట్లో టేపు ఉంటే ముందు పిల్లల్ని గోడకి ఆనించి ఎత్తు కొలవండి. హోటళ్లు, బస్సులు, ఆఫర్లు అన్నీ ఆ తర్వాత. హైదరాబాద్ పక్కన రావిర్యాల దగ్గరున్న వండర్లా అనే వినోదాల పార్కులో పిల్లల టికెట్‌కి వయసు అడగరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపు బుజ్జిగాళ్లకి టికెట్ అక్కర్లేదు. 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్. 140 దాటితే ఏడో తరగతి పిల్లయినా పెద్దవాళ్ల లెక్కే. పెద్ద రైడ్లలో చాలావాటికి కూడా అదే 140 గీత. అంటే 135 ఉన్న పిల్లాడు తక్కువ డబ్బులకి లోపలికైతే వస్తాడు గానీ, ఏ రైడ్ గురించి నెల రోజుల నుంచీ క్లాసులో గొప్పలు చెప్పాడో దాని దగ్గర కొలిచి పక్కకి నిలబెడతారు. ఆ ఏడుపు ఎవరు ఆపుతారు?

మాది తెనాలి. బయల్దేరింది నేను, మా ఆయన, మా అత్తయ్యగారు, ఏడో తరగతి అమ్మాయి, ఐదేళ్ల చిన్నోడు. పాతిక వేలు దాటకూడదని ముందే గీత గీసుకున్నాం. ముంబై, పుణే మధ్య ఖోపోలీ దగ్గరున్న ఇమాజికా థీమ్ పార్కు బాగుంటుందని అమ్మాయి పట్టుబట్టింది గానీ, ఐదుగురికి రైలు ఖర్చు వేసేసరికే ఆ మాట ఆగిపోయింది. మిగిలినవి రెండు: విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక వచ్చే రామోజీ ఫిల్మ్ సిటీ, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న వండర్లా. మేం మొదట ఫిల్మ్ సిటీకి వెళ్లాం. వండర్లాకి ఆ తర్వాత వేసవిలో, అత్తయ్యగారు లేకుండా, మా తమ్ముడి పిల్లల్ని కలుపుకుని వెళ్లాం. ఇప్పుడు రెండూ చూశాం కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను: ఒకే యాత్రలో రెండూ పెట్టుకోకండి. ఒకటే ఎంచుకుని, రోజంతా అక్కడే గడపండి. రెండింటిలోనూ టికెట్ తలకి వెయ్యి పైమాటే. రెండోదానికి పెట్టే ఐదారు వేలతో మంచి గది, కడుపునిండా భోజనం, హడావుడి లేని ప్రయాణం దొరుకుతాయి.

ఏది ఎంచుకోవాలన్నది ఇంట్లో ఎవరెవరు ఉన్నారన్న దాన్ని బట్టే. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. వండర్లాలో సగం సరదా నీళ్లలో, మిగతా సగం గాల్లో. వయసు పైబడినవాళ్లకి టికెట్లో తగ్గింపు ఇస్తారు, నిజమే. కానీ తగ్గించిన డబ్బులైనా కుర్చీలో కూర్చుని మన సంచులు కాపలా కాయడానికి కట్టినట్టే అవుతుంది. ఫిల్మ్ సిటీలో అలా కాదు. లోపల ఎర్ర బస్సులు తిప్పుతాయి, కూర్చునే సగం ఊరు చూడొచ్చు. షోలన్నీ కూర్చుని చూసేవే. భాగవతం సెట్ దగ్గర ఆవిడ కదలనన్నారు. చెప్పులు విప్పి దణ్ణం కూడా పెట్టేశారు. అది సినిమా సెట్ అత్తయ్యా అని నేను అంటే, అయితే ఏం, కృష్ణుడు కృష్ణుడే కదా అన్నారు.

ఫిల్మ్ సిటీ గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది సగం చూసి బయటికొస్తారు. 1996లో మొదలైన ఈ చోటు ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలో ఉంది. విస్తీర్ణం 1,666 ఎకరాలు. ఆ అంకె లోపల అడుగుపెడితే గానీ అర్థం కాదు. హైవే మీద గేటు దగ్గర దిగితే పని అయిపోయిందనుకుంటాం. అక్కడ టికెట్ చూపించి మళ్లీ వాళ్ల బస్సెక్కి కొండల మధ్య నుంచి లోపలికి వెళ్లాలి. కారులో వచ్చినా అంతే, బండి బయట పార్కింగ్‌లోనే. కాబట్టి ఉదయం తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి. పదకొండుకి వచ్చి పూర్తి టికెట్ కొనడం దండగ.

లోపలి బస్సు యూరేకా అనే చోట దింపుతుంది. షోలు, తిండి, దుకాణాలు చాలావరకు ఆ చుట్టుపక్కలే. అక్కడ నిలబడి ఫొటోలు తీసుకుంటూ గంట పోగొట్టేవాళ్లు చాలామంది. మీరు మాత్రం ముందు ఏ షో ఎన్ని గంటలకో కనుక్కోండి. మధ్యలో ఖాళీ చూసుకుని స్టూడియో టూర్ బస్సెక్కండి. విమానాశ్రయం, రైల్వే స్టేషన్, ఆస్పత్రి, ఉత్తర భారతం వీధి, విదేశీ వీధి అన్నీ వరసగా వస్తాయి. చాలా భవనాలు ముందునుంచి ఒకలా, పక్కనుంచి ఇంకోలా కనిపిస్తాయి. ఒకే ఇల్లు నాలుగు సినిమాల్లో నాలుగు ఇళ్లుగా వాడుకోవడానికట. బాహుబలి కోసం వేసిన మాహిష్మతి సెట్ దగ్గర రద్దీ ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ఫొటో కోసం పోట్లాడేకంటే పక్కకి జరిగి, అంత పెద్ద కోటగోడ మీద వేలితో కొట్టి చూడమని పిల్లలకి చెప్పండి. రాయి శబ్దం రాదు. మా అమ్మాయికి ఆ రోజంతటిలో నచ్చిన రెండు విషయాల్లో అదొకటి.

రెండోది మూవీ మ్యాజిక్. ప్రేక్షకుల్లోంచి ఒకరిని పిలిచి కదలని గుర్రబ్బండి మీద కూర్చోబెట్టి కొరడా ఝుళిపించమంటారు. తర్వాతి గదిలో ఇంకొందరితో డెక్కల చప్పుడు, గాలి హోరు మామూలు వస్తువులతో చేయిస్తారు. చివరి గదిలో అన్నీ కలిపి తెర మీద వేస్తే నిజంగానే బండి పరిగెడుతున్నట్టు ఉంటుంది. టికెట్ డబ్బులు ఇక్కడే గిట్టుబాటు అయ్యాయని నా లెక్క. వైల్డ్ వెస్ట్ స్టంట్ షో చిన్నోడికి పండగ. ఫండుస్తాన్ కూడా చిన్నపిల్లల కోసమే, అక్కణ్ణుంచి వాణ్ణి లాక్కురావడానికి మా ఆయన తంటాలు పడ్డారు. బొరాసుర అనే భయం గుహ మాత్రం ఐదారేళ్ల పిల్లలకి వద్దు. మావాడు గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు, మంచిదే అయింది. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట బాగున్నాయి, కానీ అప్పటికి కాళ్లు సహకరించాలి. సాహస్ పేరుతో ఉన్న సాహస క్రీడల విభాగానికి వేరే టికెట్. మొదటిసారి వెళ్లేవాళ్లకి అంత టైమ్ మిగలదు, వదిలేయొచ్చు.

ఎండ సంగతి. నడిచే చోట్లు ఎక్కువగా ఆరుబయటే. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లతో వద్దు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అయితే డిసెంబర్ సెలవుల్లో జనం విపరీతం.

ఇక వండర్లా. ఇది కొచ్చి, బెంగళూరు పార్కుల తర్వాత 2016లో వచ్చింది. యాభై ఎకరాల లోపే కాబట్టి రైడ్‌కీ రైడ్‌కీ మధ్య నడక తక్కువ. రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ ముందుకి వెళ్లి, మెలికలు తిరిగి, అదే దారిలో వెనక్కి వస్తుంది. దిగాక మా తమ్ముడు కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మాయికి అప్పటికి 140 దాటింది కాబట్టి మూడుసార్లు ఎక్కింది. పెద్దవాళ్ల టికెట్ కొన్నందుకు నాకేం బాధ కలగలేదు. పదమూడు నుంచి పాతికేళ్ల మధ్య వాళ్లు ఇంట్లో ఉంటే ఆలోచించక్కర్లేదు, వండర్లాకే వెళ్లండి. కాలేజీ ఐడీ కార్డు ఉన్నవాళ్లకి తగ్గింపు ఉంటుంది, కార్డు మర్చిపోకండి. ముందుగా ఆన్‌లైన్లో కొంటే కూడా తగ్గుతుంది. క్యూ దాటేసే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ మామూలు రోజుల్లో శుద్ధ దండగ. ఆదివారం, అదీ మే నెలలో అయితే కొనాలనిపిస్తుంది, కానీ ఆ డబ్బుకంటే మంగళవారం వెళ్లడం చవక.

నీళ్ల రైడ్లలోకి నైలాన్, పాలిస్టర్ లాంటి బట్టలతోనే రానిస్తారు. నూలు చుడీదార్, చీర, జీన్స్ కుదరవు. ఇది తెలియక వచ్చిన ఆడవాళ్లు లోపలి దుకాణంలో గబగబా కొనడం చూశాను. అవే బట్టలు విజయవాడ బీసెంట్ రోడ్డులో బేరమాడి తెచ్చుకోవచ్చు. ఒళ్లంతా కప్పే పొడుగు చేతుల టాప్, లెగ్గింగ్స్ కూడా ఆ గుడ్డలో దొరుకుతాయి, మొహమాటపడాల్సిన పని లేదు. తువ్వాళ్లు, రబ్బరు చెప్పులు, తడిబట్టలకి రెండు ప్లాస్టిక్ కవర్లు ఇంటి నుంచే. లాకర్ ఒక్కటి చాలు, కుటుంబానికి రెండు తీసుకోమని ఎవరన్నా సరే. నీళ్ల రైడ్లు సాయంత్రం ముందే మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం వాటికి ఇచ్చేసి, ఆరినాక మళ్లీ పొడి రైడ్లు చూసుకోవాలి.

రెండుచోట్లా బయటి తిండి లోపలికి రానివ్వరు. ఇక్కడే బడ్జెట్ చిల్లు పడేది. మేం ఫిల్మ్ సిటీ రోజున పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లి గేటు బయటే నీడ చూసుకుని ఎనిమిదిన్నరకి తినేశాం. అది టిఫిను కాదు, భోజనమే. లోపల మధ్యాహ్నం రెండింటికి ఒక్కసారే కూర్చుని తిన్నాం. సాయంత్రం ఐస్‌క్రీముకి పిల్లలిద్దరికీ తలా వంద రూపాయలు ముందే చేతికిచ్చేశాం. వాళ్ల డబ్బు అనేసరికి అమ్మాయి ధరల బోర్డులన్నీ చదివి, ఏమీ కొనకుండా ఆ వంద దాచుకుంది. చిన్నోడు మొదటి పావుగంటలోనే ఖర్చుపెట్టాడు.

బస గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఫిల్మ్ సిటీ లోపలే సితార, తార హోటళ్లు ఉన్నాయి, ఇంకా తక్కువలో సహారా లాంటివీ ఉన్నాయి. టికెట్, గది కలిపి ప్యాకేజీలు ఇస్తారు. రెండు రోజులు తీరిగ్గా చూసే కొత్త జంటలకి అది బాగుంటుంది. మన లెక్కకి ఎక్కువ. కూకట్‌పల్లిలో మా పెదనాన్నగారింట్లో దిగమని అత్తయ్యగారి సలహా. గది అద్దె ఉండదు, నిజమే. కానీ మియాపూర్ వైపు నుంచి ఎల్బీ నగర్‌కి మెట్రో లైను ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 29 కిలోమీటర్లు, ఆపైన మళ్లీ బస్సు. పొద్దున్నే ఐదింటికి వాళ్లింట్లో అందర్నీ లేపాలి. పళ్లు, స్వీట్లు, పిల్లల చేతుల్లో పెట్టే డబ్బులు లెక్కేస్తే చుట్టాలిల్లు కూడా ఉచితం కాదు. పార్కు అయిపోయాక ఆఖరి రోజున వెళ్లి భోంచేసి వచ్చాం, అందరికీ సంతోషం.

గది తీసుకున్నది ఎల్బీ నగర్ దగ్గర. అక్కణ్ణుంచి ఫిల్మ్ సిటీ, వండర్లా రెండూ ఇంచుమించు ఇరవై కిలోమీటర్లే, ఒకటి విజయవాడ రోడ్డున, ఇంకోటి సాగర్ రోడ్డు వైపు. మా లాడ్జి పేరు చెప్పను గానీ, ఆన్‌లైన్ ఫొటోలో ఉన్న కిటికీ మా గదికి లేదు, వేడినీళ్లు ఉదయం రెండు గంటలే, అదనపు పరుపుకి మూడు వందలు విడిగా. ఫోన్ చేసి వేడినీళ్లు ఎప్పుడొస్తాయి, పరుపుకి ఎంత, లిఫ్ట్ పనిచేస్తుందా అని అడిగి మరీ బుక్ చేయండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే మూడో అంతస్తు గది ఎంత చవకైనా వద్దు.

ఫిల్మ్ సిటీకి ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ మీదుగా సిటీ బస్సులు దొరుకుతాయి. ఒక చిన్న సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం ఉంది గానీ అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే. మన ఆంధ్రా ఆధార్ చూసి కండక్టర్ నవ్వి టికెట్లు కొట్టాడు. మన దగ్గర ఆడవాళ్ల ఉచిత బస్సు పథకం పేరు స్త్రీ శక్తి. అది ఇక్కడ చెల్లదా నాయనా అని మా అత్తయ్యగారు అడిగితే, మీ రాష్ట్రంలోనే చెల్లుతుంది పెద్దమ్మా అన్నాడు మర్యాదగానే. వండర్లాకి మాత్రం బస్సు నమ్ముకోలేదు, క్యాబ్ మాట్లాడుకున్నాం. సాయంత్రం గేటు మూసే వేళకి అందరూ ఒకేసారి యాప్ తెరుస్తారు, రేటు ఎగురుతుంది. ఉదయం దింపిన డ్రైవర్‌నే సాయంత్రానికి కూడా మాట్లాడుకుంటే తక్కువలో అయిపోయింది.

పార్కు మర్నాడు పెద్దగా ఖర్చులేని రోజు పెట్టుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పన్నెండు గంటలకి గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడ్డానికి మా చిన్నోడు జనం కాళ్ల మధ్య నుంచి ముందుకి దూరిపోయాడు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూకి సోమవారం. ఈ రెండు సెలవు రోజులూ చూసుకునే పార్కు రోజు పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణం బస్సు ఎక్కే చోటు ఎల్బీ నగర్ అని పెట్టుకోండి. ఫిల్మ్ సిటీ ముందు నుంచే విజయవాడ బస్సులన్నీ పోతాయి కదా, అక్కడే చెయ్యెత్తి ఎక్కేద్దాం అనుకుంటే రాత్రిపూట ఆ వేగంలో ఎవరూ ఆపరు. సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు మాత్రం ఇటు రావద్దు. అప్పుడు హైదరాబాద్ మొత్తం మన వైపే కదులుతుంది, పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలకొద్దీ బారులు. పండగకి హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్లేవాళ్లయితే లెక్క తిరగబడుతుంది: అటు వెళ్లే బస్సులు ఖాళీ, కనుమ వెళ్లాక ఇటు వచ్చే బస్సులూ ఖాళీయే. వచ్చే ఏడాది మా తమ్ముడు వాళ్లు ఆ రోజులకే టికెట్లు చూస్తున్నారు.