టొలెడో: గైడు దండగ, మసీదు పండగ

స్పెయిన్‌లో మాడ్రిడ్ అటోచా స్టేషన్‌లో రైలెక్కితే అరగంట దాటి రెండు మూడు నిమిషాల్లో టొలెడో. ప్రయాణం హాయిగా సాగింది. నా కోపమంతా అక్కడ మాకు తగిలిన గైడు మీదే.

మా బాబాయి లెక్కల లెక్చరరుగా రిటైరయ్యారు. 9వ శతాబ్దపు బాగ్దాద్ గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ అరబ్బీలో రాసిన బీజగణితాన్ని ఇటలీ పండితుడు క్రెమోనా గెరార్డు లాటిన్‌లోకి తెచ్చిన ఊరు చూడాలని ఆయనకి ఎన్నాళ్లుగానో కోరిక. అలా ఇక్కడ అరబ్బీ పుస్తకాలను లాటిన్‌లోకి మార్చినవాళ్లందరినీ కలిపి ‘అనువాదకుల పాఠశాల’ అంటారు. అందుకే ‘అనువాదకుల పాఠశాల టూరు’ అన్న బోర్డు చూడగానే మనిషికి 28 యూరోల చొప్పున నలుగురికీ 112 కట్టేశాం. చెప్పింది రెండు గంటలు. అందులో సగానికి పైగా కత్తుల దుకాణంలోనూ మార్జిపాన్ మిఠాయి కొట్టులోనూ నిలబెట్టాడు. చివరికి ఏదో పాత తలుపు చూపించి “ఇదే ఆ పాఠశాల” అన్నాడు. “గెరార్డు కూర్చుని రాసింది ఇక్కడేనా?” అని బాబాయి అడిగితే, ఆ పేరే వినలేదన్నాడు. ప్రాచీన గ్రీకు ఖగోళవేత్త టాలమీ గ్రంథం ‘అల్మాజెస్ట్’ కోసం ఇటలీ నుంచి వచ్చి, ఇక్కడ అరబ్బీ నేర్చుకుని, 1175లో దాన్ని పూర్తిచేసి, మొత్తం డెబ్బైకి పైగా గ్రంథాలు అనువదించినవాడు! బాబాయి ఆ తర్వాత గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

12వ శతాబ్దంలో అలా ఒక బడి కట్టడమంటూ ఉన్నట్టు ఆధారాల్లేవు. 1085లో ముస్లిం పాలకుల నుంచి క్రైస్తవ రాజు ఆరో అల్ఫోన్సో చేతికి ఊరు వచ్చాక కూడా అరబ్బీ పుస్తకాలు, అరబ్బీ వచ్చిన క్రైస్తవులు, యూదులు ఇక్కడే ఉన్నారు. అనువాదాల పని అలా సాగింది. ఆత్మ గురించి వైద్యుడూ తత్త్వవేత్తా అయిన ఇబ్న్ సీనా అరబ్బీలో రాసిన గ్రంథాన్ని యూదు పండితుడు అవెందౌత్ మాట మాటా వాడుక భాషలో చెబుతుంటే, గుండిసాల్వి అనే క్రైస్తవ మతాధికారి లాటిన్‌లో రాశాడు. ఈ సంగతి ఆ అనువాదం ముందుమాటలోనే ఉంది. డబ్బు తీసుకున్న గైడు ఈ ఒక్క ముక్క చెప్పినా నాకు ఇంత మంట ఉండేది కాదు.

భోజనం దగ్గర ఇంకో తంటా. బాబాయి, పిన్ని శాకాహారులు. కూరగాయలే అని తెచ్చిన పళ్లెంలో పంది మాంసం ముక్కలు! రెండో హోటల్లో పిస్తో (టమాటా, గుమ్మడి జాతి కాయ, మిరపకాయలతో వండినది) 11 యూరోలు, తేనె పోసిన వంకాయ వేపుడు 9. ఆ వంకాయతో పిన్ని ముఖం వికసించింది.

బాబాయి మూడ్ మార్చింది మాత్రం క్రిస్టో డి లా లూస్. టికెట్ 4 యూరోలు. 999లో కట్టిన చిన్న మసీదు. అటూ ఇటూ ఎనిమిదేసి మీటర్లు ఉంటుందేమో. పైకప్పులో తొమ్మిది గోపురాలు, ఏ రెండూ ఒకేలా లేవు. ముస్లింల కంటే ముందు ఇక్కడ ఏలిన విసిగోతుల పాత శిథిలాల నుంచి తెచ్చిన స్తంభశీర్షాలనే (స్తంభాల పై భాగాలనే) వాడుకున్నారు. ముఖద్వారం పైన ఇటుకలతోనే అరబ్బీ శాసనం, కట్టిన ఏడాదితో సహా. తర్వాత చర్చిగా మార్చినప్పుడు కూలగొట్టలేదు, వెనక అర్ధవృత్తాకారపు గది కలిపి బొమ్మలు వేశారు. ఆయన ఒక్కో గోపురం కిందా నిలబడి గీతలు ఎలా కలుస్తున్నాయో లెక్క కట్టారు. మేం తొందరపెట్టలేదు.

ఎల్ త్రాన్సితో యూదు ప్రార్థనామందిరం 3 యూరోలు. గోడల మీద హీబ్రూతో పాటు అరబ్బీ అక్షరాలూ ఉన్నాయి, వదలొద్దు. కెథడ్రల్ గొప్పదే గానీ జనం. గది 74 యూరోలు, శుభ్రంగా ఉంది. లిఫ్టు లేని మూడో అంతస్తు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే అడగండి.

టూరు కట్టకండి. పొద్దున్నే మసీదు చూసి, స్టేషన్‌కి వెళ్లేటప్పుడు దగ్గర్లోని అజార్కీల్ వంతెన దాకా నడవండి. 11వ శతాబ్దంలో ఇక్కడ పనిచేసిన ఖగోళవేత్త అల్ జర్కాలీ పేరు పెట్టారు దానికి. ఆయన పాలుపంచుకున్న టొలెడో పట్టికల్లో (గ్రహాల స్థానాలు లెక్కగట్టే పట్టికలు) అల్ ఖ్వారిజ్మీ పట్టికల భాగాలున్నాయి, వాటి వెనక బాగ్దాద్ చేరిన మన గణితవేత్త బ్రహ్మగుప్తుడి సంప్రదాయం ఉంది. వంతెన మీద ఇది చెప్పింది బాబాయే. టికెట్ లేదు.