టైడా అడవి అంచున హ్యాండ్‌మెయిడెన్ మాత్

మాత్‌లనే సీతాకోకచిలుకల వంటి కీటకాల కోసం మన్యానికి వెళ్ళేవారు సాధారణంగా తెల్లగుడ్డ కట్టి, దీపం వెలిగించి రాత్రంతా కాపు కాస్తారు. హ్యాండ్‌మెయిడెన్ మాత్ మాత్రం పగలు ఎగిరేది కనుక దానికోసం వెళ్ళినప్పుడు బసను ఎంచుకునే లెక్క వేరు. గదిలో ఏసీ ఉందా లేదా అన్నదానికన్నా, పొద్దున్నే తలుపు తీసి బయటికి రాగానే పొదలు ఎదురవుతాయా అన్నదే ముఖ్యం.

ఆ విధంగా చూస్తే అరకు కంటే టైడాయే మేలనిపించింది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు లోయలో పొలాలే ఎక్కువ; పైగా మేము దిగిన ప్రైవేటు లాడ్జిలో సాయంత్రం కాగానే దోమల మందు పొగ వదిలారు, దాంతో మరునాటి ఉదయం ఆ ఆవరణలో చెప్పుకోదగ్గ పురుగే కనబడలేదు. విశాఖ నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీదే ఉన్న టైడాలో పర్యాటక సంస్థ వారి కుటీరాలు చెట్ల మధ్యనే ఉన్నాయి. అక్కడ తినుబండారాల దుకాణాలు తక్కువ కాబట్టి, పొద్దున తినడానికి కావలసినవి దారిలో వచ్చే ఎస్.కోట (శృంగవరపుకోట)లోనే కొనుక్కోవడం మంచిది.

అడవి అంచున ఒక ఆకు మీద రెక్కలు చాచి కూర్చున్న ఈ ప్రాణిని చూడగానే మా వెంట వచ్చిన స్థానిక యువకుడు "కందిరీగ సార్, దగ్గరికి వెళ్ళకండి" అన్నాడు. కందిరీగలా కనబడే ఆ వేషం ఉద్దేశమూ అదే. అయితే కందిరీగకుండే సన్నని నడుము దీనికి లేదు, ఎగరడమూ నెమ్మది. నల్లని రెక్కల్లో అద్దాల వంటి పారదర్శకమైన మచ్చలు, ముందు రెక్కల కన్నా బాగా చిన్నవైన వెనుక రెక్కలు, పసుపు మెడపట్టీ దీని గుర్తులు. వీటిలో చాలావరకు దీని బంధువులకూ ఉంటాయి కనుక పొట్టను చూడకుండా పేరు నిర్ణయించకూడదు: దీనికి స్పష్టమైన పసుపు పట్టీలు రెండే ఉంటాయి, ఆ బంధువుల్లో ఒకటైన అమాటా హ్యూబ్నెరీ అనే మాత్‌కి పొట్ట పొడవునా వరుసగా ఉంటాయి. పక్కనుంచి తీసిన ఫోటో ఎంత అందంగా ఉన్నా ఈ పనికి రాదు, పైనుంచి తీయాలి.

18వ శతాబ్దంలో డచ్ కీటక పరిశీలకుడు పీటర్ క్రామర్ వర్ణించిన ఈ జాతి భారతదేశంతోపాటు శ్రీలంక, మయన్మార్, హాంకాంగ్ సహా దక్షిణ చైనాలోనూ ఉంది. కనుక టైడాలో కనబడటం అరుదైన విశేషమేమీ కాదు. తీరిగ్గా, దగ్గరగా చూడగలగడమే అక్కడి సౌకర్యం. ఆదివారం సాయంత్రం అరకు నుంచి దిగే బస్సులు నిండుగా వస్తాయి, మధ్యలో ఎక్కేవారు విశాఖ దాకా నిలబడవలసి రావచ్చు కనుక వారం మధ్యలో వెళ్ళిరావడం ఉత్తమం.