కాలు మిషన్‌లో కొబ్బరినూనె

అమ్మ వాడిన మిషన్ నా చేతికొచ్చి పదకొండేళ్లు. నల్లది, కాలితో తొక్కేది, సింగర్ 15 నమూనాలో మన దేశంలోనే తయారైనది. ఎలా కుడుతుందో చెప్పక్కర్లేదు. నా గోడు అంతా నూనె గురించే.

మొన్న డిసెంబరులో, నాలుగు బ్లౌజులు ఒప్పుకున్న వారంలోనే, పొద్దున కూర్చుంటే చక్రం కదల్లేదు. ఆదిలాబాద్ చలి తెలుసుగా. బెల్టు తప్పించి చూస్తే కింద తొక్కే పలక తేలిగ్గానే ఊగుతోంది. అంటే తప్పు పైన కుట్టే భాగంలో, హెడ్డులో. దారం ఇరుక్కుందేమోనని షటిల్ విప్పాను, ఏమీ లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "పట్టేసిందమ్మా, హెడ్డు మార్చాల్సిందే" అన్నాడు, చూడకుండానే.

స్నానానికి వెళ్తే సంగతి తెలిసింది. సీసాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. ఎండాకాలంలో మిషన్ నూనె అయిపోతే "ఏదైతే ఏం, నూనేగా" అని మా ఆయన పోసింది అదే. అప్పుడు భలే తిరిగింది, నేనూ మెచ్చుకున్నాను.

హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వెచ్చబెడితే చక్రం కదిలింది, కానీ బరువుగా. గడ్డకట్టింది కరుగుతుంది, నెలల తరబడి గాలి తగిలి బంకైంది కరగదు. ఎడమవైపు మూత విప్పితే సూది కడ్డీకి తేనెరంగు జిగురు, గోటితో గీకితే చారలా లేచొచ్చింది. కిటికీలు తెరిచి, నూనె రంధ్రాలన్నిట్లో కిరోసిన్ చుక్కలు వేసి, చక్రం చేత్తో తిప్పి, రాత్రికి వదిలేశాను. మూడు రోజులు ఇదే పని. కింద పరిచిన పేపరు మీద టీ డికాషన్ లాంటిది కారింది. కిరోసిన్ జిడ్డు కడుగుతుంది గానీ నూనె పని చేయదు. అంతా తుడిచి మిషన్ నూనె వేశాక, కాలు తీసినా చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. పక్కగదిలోంచి అమ్మ "ఆఁ, ఇప్పుడు నా మిషన్" అంది.

ఒక్క రిపేరూ లేదని అందరికీ చెప్పుకునేదాన్ని. బాబిన్ చుట్టేచోట రబ్బరు రింగు రెండుసార్లు మార్చింది, సాగిన తోలు బెల్టును కోసి కురచ చేసింది లెక్కలో వేసుకోలేదు. పైగా నూనె వేసిన మర్నాడే సూది పక్కనుంచి చుక్క జారి లేతపసుపు పట్టు బ్లౌజు మీద పడింది. కుట్టుకూలి అడగలేకపోయాను. ఇప్పుడు నూనె వేశాక పాదం కింద పాతగుడ్డ మడిచి పెడుతున్నా. పొద్దున ముందు దాని మీదే కుట్టి చూస్తా.

రోజుకు రెండు గంటలు బ్లౌజులు, ఫాల్సు కుట్టే నాకిది చాలు. చీర అంచుకు వేసే పికో పక్కవీధిలో ఇస్తాను. దుకాణం నడిపేవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కొనమనలేను. వైజాగ్‌లో ఉన్న మా చెల్లెలు ఇలాంటిదే కొంటానంటోంది. అక్కడ కొబ్బరినూనె ఇంతలా గడ్డకట్టదు, పోసినా బంక కట్టేదాకా తెలియదు. మిషన్ సంగతి తర్వాత, నూనె డబ్బా మాత్రం ముందే పంపాను.