బ్యారీ శాండర్సా, ఎమిట్ స్మిత్తా: ఎవరు మేలు?

నవంబరు వస్తే చాలు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1990ల నాటి ఈ ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌ల (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాళ్ల) గురించి ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. థాంక్స్‌గివింగ్ పండగ గురువారం శాండర్స్ ఆడిన డెట్రాయిట్ లయన్స్, స్మిత్ ఆడిన డాలస్ కౌబాయ్స్ రెండూ ఏటా సొంతగడ్డ మీదే ఆడతాయి కదా. డాలస్ పక్కన ఫ్రిస్కో, అర్వింగ్‌లో ఉండే మనవాళ్లు స్మిత్ అంటారు, డెట్రాయిట్ పక్కన నోవై, ట్రాయ్ వైపు మనవాళ్లు శాండర్స్ అంటారు. "మీరేమంటారు?" అని రెండు పక్కల నుంచీ అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

అంకెలు తెలిసినవే. శాండర్స్ బంతితో పరుగెత్తి ముందుకు వెళ్లింది 10 సీజన్లలో 15,269 యార్డులు, సగటున పరుగుకు 5. స్మిత్ 15 సీజన్లలో 18,355 యార్డులు, సగటు 4.2. సీజన్‌లో అందరికంటే ఎక్కువ యార్డులు తీసిన ఘనత ఇద్దరికీ నాలుగేసి సార్లు దక్కింది. 1991లో ఇద్దరి మధ్య తేడా 15 యార్డులే. అంకెలతో తేలే తగవు కాదిది.

చూడ్డానికి ఎవరు బాగుంటారంటే మాత్రం రెండో మాట లేదు. 1997లో శాండర్స్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో కలిపి తీసింది 53 యార్డులు. ఆ తర్వాత వరసగా 14 మ్యాచ్‌ల్లో వంద దాటి, సీజన్‌ను 2,053 దగ్గర ముగించాడు. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ నాడు షికాగో మీద 167 యార్డులు, మూడు టచ్‌డౌన్లు (బంతితో గోల్ లైన్ దాటడం). నలుగురు చుట్టుముట్టినా ఉన్నచోటే ఆగి, నడుము తిప్పి, వాళ్ల మధ్యలోంచి జారిపోయేవాడు. టచ్‌డౌన్ అయ్యాక బంతి రిఫరీ చేతికిచ్చి మామూలుగా నడిచి వచ్చేవాడు. ఆ నిగర్వం అంటే నాకిప్పటికీ ఎంతో ఇష్టం.

అయినా రన్నింగ్ బ్యాక్‌ను తూచేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఒకటుంది: ఎదుట దారి మూసుకుపోయినప్పుడు ఏం చేస్తాడు? మ్యాచ్‌లో సగం పరుగులు అలాంటివే. హైలైట్స్‌లో అవి కనపడవు. శాండర్స్ దారి కోసం వెనక్కి, పక్కకు తిరిగేవాడు. దొరికితే 40 యార్డులు, దొరక్కపోతే మూడు యార్డులు వెనక్కి. నాలుగు డౌన్‌లలో (ప్రయత్నాల్లో) పది యార్డులు తీయాలి కదా, ఫస్ట్ డౌన్‌లో మూడు పోతే, సెకండ్ డౌన్‌లో 13 కావాలి. ఇక పాస్ (బంతి విసరడం) తప్ప గతి లేదని ఎదుటి జట్టుకు తెలిసిపోతుంది. గోల్ లైన్ దగ్గర కోచ్‌లు చాలాసార్లు అతన్ని పక్కన కూర్చోబెట్టి వేరొకరికి బంతి ఇచ్చేది కూడా ఇందుకే. 1994 డిసెంబరు 31న గ్రీన్ బే మీద ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌లో 13 సార్లు బంతి పట్టుకుంటే మొత్తం లెక్క మైనస్ 1. లయన్స్ 16-12తో ఓడారు. నాలుగే పాయింట్లు!

స్మిత్ దారి లేకపోతే భుజం వంచి గుంపులోకి దూరేవాడు. రెండు యార్డులు వచ్చేవి. మూడోసారి అదే చోటికి వెళ్తే ఐదు వచ్చేవి. బంతి తన చేతికి రాని ఆటల్లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) ఏయిక్‌మన్ మీదికి ఉరికే ఎదుటి జట్టు లైన్‌బ్యాకర్లకు అడ్డంగా నిలబడేవాడు. ఈ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు, కానీ క్వార్టర్‌బ్యాక్ ఒళ్లు దక్కేది దీనివల్లే.

"ఆ లైన్ (ఎదుటివాళ్లను అడ్డుకుని దారి చేసే వరస) వెనక ఎవరైనా పరుగెత్తగలరు" అని డెట్రాయిట్ వాళ్లంటారు. అందులో నిజం లేకపోలేదు. స్మిత్‌కు ముందు దారి చేసే ఫుల్‌బ్యాక్ డారిల్ జాన్‌స్టన్, లైన్‌లో నేట్ న్యూటన్, ఎరిక్ విలియమ్స్, 1994 నుంచి లారీ అలెన్. శాండర్స్‌కు తొలి ఏళ్లలో ముందు నిలబడే ఫుల్‌బ్యాక్ కూడా ఉండేవాడు కాదు. తర్వాత లోమస్ బ్రౌన్, కెవిన్ గ్లోవర్ లాంటి లైన్ ఆటగాళ్లను జట్టు వదులుకుంది. అతనికి జరిగింది అన్యాయమే.

కానీ 1993 సంగతి చూడండి. కాంట్రాక్ట్ దగ్గర పేచీ వచ్చి స్మిత్ మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. లైన్ అదే, ఏయిక్‌మన్ అతనే, అతని పాస్‌లు అందుకునే అర్విన్ అతనే. రెండూ ఓడారు. బఫెలో మీద ఓడాక జట్టు డిఫెన్స్ ఆటగాడు చార్ల్స్ హేలీ కోపం పట్టలేక హెల్మెట్ గోడకేసి కొట్టాడు. స్మిత్ వచ్చాక మిగతా 14లో 12 గెలిచారు.

ఆ సీజన్ చివరి మ్యాచ్ 1994 జనవరి 2న, జెయింట్స్ మైదానంలో. గెలిచిన వాళ్లదే డివిజన్ (గ్రూప్) టైటిల్. రెండో క్వార్టర్ చివర్లో 46 యార్డుల పరుగు తర్వాత గట్టి నేల మీద పడి స్మిత్ కుడి భుజం కీలు తప్పింది. అతను బయటకు వెళ్లలేదు. ద్వితీయార్ధమంతా ఆ చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, ఎడమ చేత్తో బంతి అదుముకుని పరుగెత్తాడు. ప్రతిసారీ ఇంకెవరో చెయ్యి పట్టి లేపాల్సి వచ్చేది. 32 పరుగులు, 10 క్యాచ్‌లు, మొత్తం 229 యార్డులు. ఓవర్‌టైమ్‌లో 16-13తో కౌబాయ్స్ గెలిచారు. ఆ నెలాఖరుకు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచి, అందులో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కూడా అయ్యాడు. ఎవరెన్ని చెప్పినా నా మొగ్గు స్మిత్ వైపే.

శాండర్స్ పక్షాన ఇంకొకటి చెప్పకపోతే తప్పు. 1992 జనవరిలో ఇదే కౌబాయ్స్‌ను లయన్స్ 38-6తో చిత్తు చేశారు. శాండర్స్ చివర్లో 47 యార్డుల టచ్‌డౌన్ తీశాడు. ఆ తర్వాత లయన్స్ ఇంకో ప్లేఆఫ్ మ్యాచ్ గెలవడానికి 2024 దాకా పట్టింది.

వీళ్లకు ముందు తరాల రన్నింగ్ బ్యాక్‌లు వాల్టర్ పేటన్, జిమ్ బ్రౌన్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. పేటన్ 16,726 యార్డులు, బ్రౌన్ తొమ్మిదే సీజన్లలో 12,312. ఇద్దరూ మహానుభావులే. కాలం వేరు, పోలిక కుదరదు.

ఇక రిటైర్మెంట్. 1999 జులైలో, అత్యధిక యార్డుల పేటన్ రికార్డుకు 1,457 యార్డుల దూరంలో ఉండగా శాండర్స్ సొంతూరు విచిటా పత్రికకు ఫ్యాక్స్ పంపి తప్పుకున్నాడు. అది అతని హక్కు, నేను తప్పు పట్టను. స్మిత్ 2002 అక్టోబరు 27న ఆ రికార్డు దాటాడు. తర్వాత అరిజోనా జట్టుకు వెళ్లి పేరు పాడుచేసుకున్నాడని అంటారు. 2003లో తన పాత కౌబాయ్స్ మైదానానికే వచ్చి ఆరు పరుగుల్లో మైనస్ 1 తీసి, భుజం ఎముక విరగ్గొట్టుకున్న మాట నిజమే. కానీ మరుసటి ఏడాది, 35 ఏళ్ల వయసులో, ఆరు మ్యాచ్‌లే గెలిచిన జట్టులో 937 యార్డులు, 9 టచ్‌డౌన్లు తీశాడు. ఇందులో పేరు పాడయ్యేంత ఏముందో నాకైతే కనపడదు.