వరదలో మునిగిన కారును ‘షోరూం కండిషన్’ అని అంటగట్టారు: హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ సెడాన్ కొనేవారు జాగ్రత్త

ఆరు లక్షల లోపు ఇంటిల్లిపాదికీ సరిపోయే, డిక్కీ ఉన్న పాత పెట్రోల్ కారు కోసం వెతుకుతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. 2024 జూన్‌లో నగరంలోని ఒక కార్ కన్సల్టెన్సీ వద్ద, 2018 జనవరిలో రిజిస్టరైన మారుతి సియాజ్‌ను 5 లక్షల 90 వేల రూపాయలకు కొన్నాను. అది 2020 అక్టోబరు వరదల్లో మునిగి తేలిన బండి అని నాకు సెప్టెంబరులో గాని తెలియలేదు. వ్యవహారం వినియోగదారుల కమిషన్ ముందు ఉంది గనుక కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. ఆ ఒక్క చోటికి వెళ్లకపోతే చాలని ఎవరూ అనుకోకూడదన్నది మరో కారణం.

మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున ఎత్తైన బండ్లు వద్దనుకున్నాం. డిజైర్‌లు చాలానే చూశాం గాని, వాటిలో ట్యాక్సీగా తిరిగి పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకు మారినవి ఉంటాయన్న భయంతో వదిలేశాం. సియాజ్‌లు ట్యాక్సీలుగా తక్కువ తిరుగుతాయి కాబట్టి మోసం కూడా తక్కువ ఉంటుందని నేను వేసిన లెక్క ఎంత అమాయకమైనదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది.

‘సింగిల్ ఓనర్ అన్నా, డాక్టరు గారి బండి, ఆస్పత్రికి ఇంటికి తప్ప తిరగలేదు’ అని చూపించారు. మీటరు 46 వేలు చూపింది. మా వీధి మెకానిక్‌ను వెంట తీసుకెళ్లాను. ఆయన ఇంజిన్ ఆయిల్, పొగ, బానెట్ కింద అతుకులు, టైర్ల మీద తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెప్పే నాలుగంకెలు అన్నీ చూసి, బండి బాగుందనే చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, ఎందుకంటే ఇంజిన్ నిజంగానే బాగుంది. బండిలో గంధం సెంటు వాసన గుప్పుమంటుంటే, అది కొనేవారికి చేసే మర్యాద కాబోలు అనుకున్నాను.

జులైలో వానలు ముదిరిన తర్వాత వెనక ఎడమ అద్దం దానంతట అదే దిగడం మొదలైంది. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, ఇక ఆరలేదు. ఈ దీపం వెలుగుతున్నంత కాలం ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటుందన్న భరోసా లేదు గనుక, అమ్మను, పిల్లలను అందులో ఎక్కించడం ఆపేసి మళ్లీ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే పెట్టె గేరు రాడ్ పరిసరాల్లో, నేలకు ఆనుకుని ఉంటుంది. దాని కోసం సీట్లు విప్పి కార్పెట్ లేపితే, అడుగున ఉన్న స్పాంజిలో ఎండిన చెరువు ఒండ్రు వేలికి మెత్తని పొడిలా అంటింది. కనెక్టర్ల పిన్నులకు పాత రాగి చెంబుకు పట్టినట్టు ఆకుపచ్చ చిలుము పట్టింది. సీటు పట్టాల కింది బోల్టులు తుప్పుతో ఉబ్బిపోయాయి. చివరగా ఆయన వెనక సీటు బెల్టును ఆఖరి దాకా లాగి చూపించాడు: జానెడు మేర మట్టి రంగు, దాని పైన గీత గీసినట్టు అసలు నలుపు. ‘ఇది నీళ్లు తాగిన బండి సార్’ అన్నాడు.

ఇంటికి వచ్చి, కన్సల్టెన్సీ వారు ఇచ్చిన ఫైలు మొత్తం ముందేసుకుని కూర్చున్నాను. కొన్న రోజున ఇన్సూరెన్స్ గడువు మాత్రమే చూసి మూసేసిన ఫైలు అది. క్లెయిమ్ చేయని వారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును నో క్లెయిమ్ బోనస్ అంటారు. అది క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, వరసగా 25, 35, 45 మీదుగా ఐదో ఏడాదికి 50 శాతానికి చేరుతుంది. ఒకే యజమాని చేతిలో ఆరేళ్లు క్లెయిమ్ లేకుండా తిరిగిన బండికి 2024 జనవరి పాలసీలో 50 ఉండాలి. నా ఫైలులో 35 ఉంది. వెనక్కి తిప్పుకుంటూ వెళ్తే 2020 జనవరి పాలసీలో 25, 2021 జనవరి పాలసీలో సున్నా. అంటే ఆ రెండు పాలసీల మధ్యే ఒక క్లెయిమ్ జరిగింది. ఆర్‌సీలోని చిరునామా 2020 అక్టోబరులో రోజుల తరబడి నీళ్లు నిలిచిన కాలనీల్లో ఒకటి. టోలీచౌకి నదీం కాలనీలో, ఫలక్‌నుమా వైపు, సరూర్‌నగర్ చెరువు కింద ఆ వారం ఏం జరిగిందో ఈ ఊరి వారికి చెప్పనక్కర్లేదు. ఇంత సమాచారం నా చేతిలో పెట్టిన తర్వాతే వారు డబ్బు తీసుకున్నారు, నేనే చదవలేదు.

బోనస్ సున్నా అయినంత మాత్రాన వరద బండి అని తేల్చకూడదు. చిన్న బంపరు క్లెయిమ్‌కు కూడా అది పోతుంది. పైగా బోనస్ మనిషిదే గాని బండిది కాదు కాబట్టి పాత యజమాని బోనస్ రెండో యజమానికి రాదు. అయితే లెక్క కుదరని చోట ‘ఆ క్లెయిమ్ దేనికి?’ అని అడిగి, కంపెనీ సర్వీసు సెంటర్ నుంచి ఆ నెలల్లో చేసిన రిపేర్ల వివరాలుండే జాబ్ కార్డు తెప్పించమనవచ్చు. ఇవ్వడానికి తటపటాయిస్తే అదే జవాబు. ఏపీ నంబరు బండ్ల విషయంలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీట నిలిచాయో గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ, తెలంగాణ లైఫ్ ట్యాక్స్ బాదరబందీ ఎలాగూ ఉంటుంది.

మిగతా కాగితాల గురించి ఎక్కువ చెప్పను. బండి పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉండి తీరితే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35, పెండింగ్ చలాన్లు అందరూ చూసుకునేవే. చాలామంది అడగనిది ఒకటుంది: 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. బయానా ఇచ్చే ముందు దాన్ని చూపించమనండి. నేను అడగలేదు.

నిలదీసినప్పుడు కన్సల్టెన్సీ యజమాని, డెలివరీ నోటులో చిన్న అక్షరాల్లో ఉన్న ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను’ అన్న వాక్యం కింద నా సంతకం చూపించాడు. అది చూసి నేను సగం డీలా పడిపోయిన మాట నిజం. కాని తెలిసీ లోపాన్ని దాచి అమ్మడం వేరని వకీలు గారు చెప్పిన మీదట, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేశాను. ఐదు నుంచి పది లక్షల మధ్య వ్యవహారాలకు రుసుము 200 రూపాయలు మాత్రమే. గడువు రెండేళ్లు. ఒండ్రు ఫొటోలు, మెకానిక్ రాతపూర్వక నివేదిక, అమ్మకానికి ముందు వచ్చిన వాట్సాప్ సందేశాలు జతచేశాం. ‘యాక్సిడెంట్, ఫ్లడ్ ఏమీ లేదు అన్నా’ అన్న సందేశాన్ని చెరిపేయకుండా ఉంచుకోవడమే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన ఏకైక తెలివైన పని.

గత ఆదివారం మా బావమరిది కోసం మూడు బండ్లు చూశాం. రెండో బండి మట్టి ఆనవాలు లేకుండా తళతళలాడుతోంది. అయితే వెనక బెల్టు ఆ బండి వయసుకు మించి నల్లగా ఉంది, దాని చివరి లేబుల్ మీద తయారీ సంవత్సరం ఆర్‌సీలో ఉన్నదానికి మూడేళ్లు తర్వాతది. ‘పాతది పిల్లలు కత్తిరించారట అన్నా’ అన్నాడు అక్కడి కుర్రాడు. మిగతా నాలుగు బెల్టుల లేబుళ్ల మీదా అదే కొత్త సంవత్సరం ఉంది. తాళం అతని చేతిలో పెట్టి మూడో బండి వైపు నడిచాం.