గిరిజన భూమి చట్టం మార్చాలంటే ఎవరినడగాలి: సలహా మండలినా, గ్రామసభనా?

ఏజెన్సీ భూముల మీద ఏది రాసినా అదే ప్రశ్న తిరిగి వస్తోంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 లాంటి చట్టాన్ని ముట్టుకోవాలంటే గిరిజన సలహా మండలిని అడిగితే చాలదా, గ్రామసభల దాకా పోవాలా? ఇన్నాళ్లూ ఒక్క ముక్కలో జవాబు చెప్పి తప్పించుకున్నాను. పోయిన నెల మా వైపు కుర్రాడొకడు, "అన్నా, మండలి ఉండగా మళ్లీ గూడెం గూడెం తిరగడం దండగ ఖర్చు కదా" అన్నాడు. వాడికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కాగితం మీద చూస్తే మండలిదే పైచేయి. రాజ్యాంగం ఐదో షెడ్యూల్లోనే దానికి చోటుంది. 20 మందికి మించకూడదు, అందులో సుమారు ముప్పాతిక మంది ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, భూమి బదిలీ మీద గవర్నర్ రెగ్యులేషన్ (1/70 అలాంటిదే) తేవాలంటే, మండలి ఉన్నచోట దాన్ని సంప్రదించి తీరాలి. ఆ పైన రాష్ట్రపతి ఆమోదం కావాలి. గ్రామసభకు చట్టం తయారయ్యే చోట ఇలాంటి కుర్చీ లేదు. 1996 నాటి పెసా చట్టం (పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) భూసేకరణకు ముందు సంప్రదించమంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ముందస్తు సమ్మతి అంది. అటవీ హక్కుల చట్టంలో పోడు క్లెయిము మొదలయ్యేదే గ్రామసభలో. కానీ ఇవన్నీ ఫలానా భూమికి, ఫలానా ప్రాజెక్టుకు సంబంధించినవి. ముసాయిదా బిల్లు పట్టుకుని గూడేనికి వెళ్లమని వీటిలో ఎక్కడా లేదు.

మండలికి ఇంకో సౌకర్యం ఉంది. పని తొందరగా అవుతుంది. సెక్షన్ల భాష తెలిసిన ఎమ్మెల్యేలుంటారు, అధికారులు ఎదురుగా ఉంటారు, కావాలంటే ఫైలు అక్కడికే తెప్పించుకోవచ్చు. చట్టంలో ఒక కామా మారితే ఏమవుతుందో అడగగల మనిషి ఆ గదిలో ఒకరైనా ఉండే అవకాశముంది.

అయితే లెక్క ఒకసారి చూడండి. 20 మంది మండలిలో ముప్పాతిక అంటే 15. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అసెంబ్లీ సీట్లు 7, తెలంగాణలో 12. ఎమ్మెల్యేలు చాలకపోతే ఆ తెగలకే చెందిన ఇతరులతో నింపాలని అదే షెడ్యూల్ చెబుతోంది. ఆ ఇతరులను గూడేలేమీ ఎన్నుకోవు, పైనుంచి నియమిస్తారు. 2014 ఎన్నికల్లో ఏపీలో ఆ 7 సీట్లలో 6 ప్రతిపక్షానికే పోయాయి. అలాంటప్పుడు మండలిని కూర్చోబెట్టడానికి ఏ ప్రభుత్వం మాత్రం ఉత్సాహపడుతుంది? పోనీ కూర్చోబెట్టినా, గవర్నర్ తన ముందు పెట్టిన విషయాల మీద సలహా ఇవ్వడమే మండలి విధి. అంటే అడిగితేనే నోరు విప్పాలి.

ఎమ్మెల్యేలు నిండుగా ఉన్నచోట సంగతి బాగుంటుందనుకుంటే జార్ఖండ్‌ను చూడాలి. అక్కడ ఎస్టీ సీట్లు 28. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం, 1949 నాటి సంథాల్ పరగణా కౌలు చట్టం ఆదివాసీ భూమి చేయి దాటకుండా కాపు కాస్తున్నాయి. సాగుభూమిని వ్యవసాయేతర అవసరాలకు వాడుకునే వీలు కల్పిస్తూ 2016లో సవరణలు తెచ్చారు. సలహా మండలి సరేనంది, నవంబరులో అసెంబ్లీ కూడా దాటేసింది. బయట మాత్రం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. అప్పటి గవర్నర్ ద్రౌపది ముర్ము 2017లో బిల్లును వెనక్కి పంపారు, ఆగస్టులో ప్రభుత్వం దాన్ని వదిలేసుకుంది. మండలి 'సరే' అన్న మాటకీ ఊళ్లలో ఉన్న మాటకీ అంత దూరం ఉంది మరి. సంప్రదింపు జరగలేదని ఎవరూ అనలేరు, జరిగింది.

ఇటు గ్రామసభ వైపు నియమగిరి సంగతి చాలామందికి తెలిసిందే. ఆ కొండ మీద బాక్సైట్ గని విషయం గ్రామసభలకే వదలమని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాక, ఆ జులై, ఆగస్టుల్లో ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెల్లో సభలు జరిగాయి. కొండ చుట్టూ వందకు పైగా ఊళ్లుంటే ఈ పన్నెండే ఎందుకన్న గొడవ అప్పుడే లేచింది. ఆ పన్నెండింటినీ ఎంపిక చేసింది ప్రభుత్వమే. అయినా పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అది గని విషయం, చట్టం విషయం కాదు, ఒప్పుకుంటాను. కాకపోతే 'వాళ్లకు ఇవన్నీ ఏం అర్థమవుతాయి' అనేవాళ్లు ఆ తర్వాత కొంచెం గొంతు తగ్గించాల్సి వచ్చింది.

నా మటుకు తేల్చేది వేరే విషయం. తీర్మానం పుస్తకం ఎవరి చేతిలో ఉంది, అందులో రాసింది ఎవరికి అర్థమయ్యే మాటల్లో ఉంది అన్నది.

కొన్నేళ్ల కిందట గోదావరి అవతల ఒక కోయగూడెంలో జరిగిన సభలో నేనూ ఉన్నాను. ఊరి పేరు ఎందుకులెండి. చింతచెట్టు కింద మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, మిగతా అందరం నేల మీదే. వచ్చిన ఆఫీసరు 'సదరు భూముల బదలాయింపు' అంటూ కాగితం చదువుకుంటూ పోతుంటే, పదో తరగతి చదివిన కుర్రాడొకడు కోయలో చెబుతున్నాడు. 'బదలాయింపు' దగ్గర ఆగిపోయాడు. కాసేపు తల గోక్కుని, "భూమి వేరేవాళ్ల చేతికి పోవడం" అని తెలుగులోనే అనేశాడు. అప్పటిదాకా పిల్లల్ని ఆడిస్తూ కూర్చున్న ఆడవాళ్లు వెనక వరసలో లేచి నిలబడ్డారు. సభ అసలు అప్పుడే మొదలైంది.

చివర్లో పుస్తకం చేతులు మారింది. స్టాంపు ప్యాడు మీద వేలు అద్దడం, పేజీ అడుగున ముద్ర వేయడం, వేలిని చెట్టు బెరడుకు తుడుచుకోవడం. పేజీ పైన సగం ఖాళీ. "మ్యాటర్ ఆఫీసులో రాసుకుంటాం" అన్నారు. నేను లెక్కపెట్టేసరికి 38 ముద్రలు పడ్డాయి. ఒక ముసలామె వేలు ప్యాడు దాకా తెచ్చి ఆపేసింది. "పైనేమీ లేదుగదయ్యా, దేనికి వేలు?" అంది.

ఈ ప్రశ్న రాజధానిలో ఏసీ గదిలో అడిగే వీలుందా? మండలి మినిట్స్ శాఖ వాళ్లే తయారుచేస్తారు. సభ్యుడు ఏమన్నాడో అతని ఊరికి సులువుగా తెలిసే దారి లేదు. గ్రామసభలో మోసం జరగదని కాదు, ఇప్పుడు చెప్పింది మోసమే కదా. జరిగితే అది నలభై మంది కళ్లెదుట జరుగుతుంది, ఒక్కరైనా వేలు ఆపుతారు.

గ్రామసభకు లోపాలు లేకపోలేదు. తెలుగు ఏజెన్సీలో చాలా పంచాయతీల్లో గిరిజనేతరులు గట్టిగా ఉన్నారు. పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెడితే వాళ్ల గొంతే వినిపిస్తుంది. పెసా ప్రకారం మాత్రం ఊరంటే ఆవాసం, అంటే గూడెం. సభ ప్రతి గూడెంలో విడివిడిగా జరగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో చేసిన పెసా నిబంధనల ప్రకారం గ్రామసభ ఉపాధ్యక్షుణ్ణి, కార్యదర్శిని ఆ గూడెం వాళ్లే ఎన్నుకోవాలి. ఆ కార్యదర్శి చేతిలో పుస్తకం ఉంటే సగం తలనొప్పి తీరుతుంది. కోరానికి అటవీ హక్కుల నిబంధనలను 2012లో సవరించిన తీరే బాగుంది: పెద్దవాళ్లలో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

ఇక మిగతా దారులు. ముసాయిదాను 30 రోజులు వెబ్‌సైట్‌లో ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టింది. సిగ్నల్ కోసం గుట్టెక్కేవాళ్లకు అదెంత పనికొస్తుందో మీకే తెలుసు. పెద్ద విధాన నిర్ణయాల్లో జాతీయ ఎస్టీ కమిషన్‌ను సంప్రదించాలని రాజ్యాంగం 338ఏ అధికరణం చెబుతుంది. మంచిదే, కానీ అది ఢిల్లీలో ఉంది. గనులకు, ఫ్యాక్టరీలకు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ వేరే సంగతి, ఇక్కడ కలపొద్దు.

కాబట్టి ఆ కుర్రాడికి చెప్పలేకపోయిన జవాబు ఇది. రెండూ కావాలి, కానీ వరస మారాలి. ముందు గూడేలు, తర్వాత మండలి. 1/70 లో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందేనని ముందుగా అనుకోవాలన్న మాట ఒకటుంది. కాదని రుజువు చేసుకునే భారం అతనిదే. ఆ ఒక్క వాక్యం తీసేస్తే చట్టం పేరు అలాగే ఉంటుంది, లోపల గుల్ల. పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కన ఒకే కాగితం మీద రాసి, కోయలోనో గోండీలోనో కువిలోనో చదివి, నెల రోజులు గడువిచ్చి మళ్లీ రావాలి. గూడేలు ఏమన్నాయో ఆ కట్ట మండలి బల్ల మీద పెట్టాకే ఎమ్మెల్యేలు చేతులెత్తాలి. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే మాత్రం నేను చింతచెట్టు కిందే కూర్చుంటాను.

ఆ రోజు ముసలామె వేలు వేయలేదు. పేజీ పైన రాసి, కుర్రాడితో చదివించాక వేసింది. వేసి, ఆ పేజీ జెరాక్సు ఒకటి గూడెంలో ఉంచి వెళ్లమంది. మండల కేంద్రం పద్నాలుగు కిలోమీటర్లు. మర్నాడు ఆ కుర్రాడే సైకిలు మీద వెళ్లి తెచ్చాడు.