గడువు తీరిన మెంబర్‌ను ఆపాల్సింది మనిషా, మెషినా? ఏది మేలు?

కర్నూలు సి.క్యాంప్ దగ్గర మా అన్న స్టడీ హాల్ నడుపుతున్నాడు. 84 సీట్లు, నెలకు 900 రూపాయలు. ఆదోని, ఆలూరు, కోడుమూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చి రూముల్లో ఉంటూ గ్రూప్-2కో, కానిస్టేబుల్‌కో, డీఎస్సీకో చదువుకునేవాళ్లే ఎక్కువ. డబ్బు కట్టినవాళ్లకు నాలుగు అందుతాయి: వేలిముద్ర పెడితే తెరుచుకునే తలుపు, వారానికో ఆన్‌లైన్ టెస్టు, నోట్సు ఉన్న గూగుల్ డ్రైవ్ ఫోల్డర్, టెలిగ్రామ్ గ్రూప్. వీటి కంప్యూటర్ పనంతా నాది. నెల అయిపోయినవాళ్లకు ఈ నాలుగూ ఎప్పుడు ఆగాలి, ఎవరు ఆపాలి అని రెండేళ్లుగా కిందామీదా పడ్డాను. మూడు పద్ధతులు వాడి చూశాను. జిమ్ వాళ్లకూ, కోచింగ్ సెంటర్ల వాళ్లకూ ఇదే చిక్కు ఉంటుంది కాబట్టి ఏది ఎక్కడ పనికొచ్చిందో చెబుతాను.

మొదటి ఏడాదంతా రిజిస్టరే. ఒక్కొక్కరూ ఒక్కో తేదీన చేరతారు, కాబట్టి రోజూ ఇద్దరు ముగ్గురి నెల అయిపోతూ ఉంటుంది. పొద్దున రిజిస్టర్ చూసి, వాళ్ల సీటు దగ్గరికి వెళ్లి చెప్పాలి. మా అన్న ఆ మాట అనలేడు. తల వంచుకుని చదువుకుంటున్న పిల్లవాడి భుజం తట్టి డబ్బు అడగడం అతనికి ప్రాణసంకటం. "నాయన పత్తి ఆదోని యార్డుకు ఏసుకుపోయినాడన్నా, సోమవారం పంపిస్తాడు" అంటే సరే అనేవాడు. ఈ పద్ధతిలో మంచి కూడా అదే. ఎవరింట్లో ఏం జరుగుతోందో మనిషికి తెలుస్తుంది, మెషిన్‌కు తెలియదు.

కానీ దీనివల్ల నష్టపోయింది మా అన్న ఒక్కడే కాదు. చొరవగా మాట్లాడేవాడికి పదిహేను రోజులైనా దొరికేవి. మొహమాటపడేవాళ్లకు ఒక్క రోజు కూడా దొరికేది కాదు. ఒకమ్మాయి నెల అయిపోయాక ఆరు రోజులు రాలేదు. తర్వాత అడిగితే "డబ్బులు కట్టకుండా ఎట్ల వస్తానన్నా" అంది. ఆమె పక్క సీటు అతను నెలన్నరగా కట్టలేదని మాకు అప్పుడు లెక్క చూస్తేనే తెలిసింది. ఇంకో సంగతి, నాలుగు నెలల కిందట మానేసినవాళ్లకు నోట్సు ఫోల్డర్ ఇంకా తెరుచుకుంటూనే ఉంది. చేత్తో చేసేటప్పుడు కళ్ల ముందున్న తలుపే గుర్తుంటుంది. ఇరవై ముప్పై మంది ఉన్న చోట రిజిస్టర్ చాలు. అంతకు మించితే వద్దనే నా మాట.

రెండో పద్ధతి, రాత్రిపూట దానంతటదే జరిగే తొలగింపు. పేర్లు, ఆఖరి తేదీలు గూగుల్ షీట్‌లో పెట్టి, 12 దాటాక ఒక స్క్రిప్ట్ (దానంతటదే పనిచేసే చిన్న ప్రోగ్రాం) నడిచేలా చేశాను. తేదీ దాటినవాళ్ల వేలిముద్ర మెషిన్‌లోంచి చెరిగిపోతుంది, గ్రూప్‌లోంచి బాట్, అంటే మనిషి బదులు గ్రూప్ పనులు చేసే ప్రోగ్రాం, తీసేస్తుంది. మొదటి నెల హాయిగా అనిపించింది. ఎవరినీ అడగక్కర్లేదు, అందరికీ ఒకే లెక్క.

2025 జూన్‌లో మెగా డీఎస్సీ పరీక్షలు వచ్చాయి. 16,347 పోస్టులు. హాల్‌లో ఒక్క సీటు ఖాళీ లేదు. ఒకతనికి మర్నాడు పరీక్ష. రాత్రి 11 దాటాక యూపీఐలో డబ్బు పంపాడు, అది పెండింగ్‌లో పడింది. నా స్క్రిప్ట్‌కు పెండింగ్ అంటే కట్టనట్టే. తెల్లవారుజామున 5 గంటలకు వచ్చి వేలు పెడితే తలుపు తెరుచుకోలేదు. ఏడున్నరకు మా అన్న వచ్చేదాకా ఆ అబ్బాయి మెట్ల మీద కూర్చుని చదువుకున్నాడు. "కట్టినా కదన్నా" అన్నాడు, అంతే. గొడవ పెట్టుకుని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

తలుపు తెరిచాక కూడా అతని పని కాలేదు. వేలిముద్ర చెరిగిపోయింది కాబట్టి మళ్లీ ఎక్కించాలి. గ్రూప్ లింక్ పంపితే చేరలేకపోయాడు. టెలిగ్రామ్‌లో బాట్ ఒకరిని తీసేయడమంటే నిషేధించడమే. ఆ నిషేధాన్ని వెంటనే ఎత్తేసే ఆదేశం కూడా రాయకపోతే, తర్వాత డబ్బు కట్టినా లింక్ పనిచేయదు. నేను సగమే రాసి వదిలేశాను. తప్పు పూర్తిగా నాది.

రాత్రి పని మీద ఆధారపడితే ఇంకా చిక్కులున్నాయి. నెట్ లేని రాత్రి, చెరపమన్న ఆదేశం మెషిన్‌కు అందదు. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌తో సైట్ నడిపేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. అందులో టైం పెట్టిన పనులు మామూలుగా ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతాయి. అర్ధరాత్రి ఎవరూ రాకపోతే పొద్దున ఎవరో తెరిచేదాకా పని ఆగి ఉంటుంది. సర్వర్ (సైట్ నడిచే కంప్యూటర్) గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో, ఉంటే దాని అర్ధరాత్రి మనకు ఉదయం 5:30. ఆఖరి రోజు ఏదన్న దాని మీదే తగాదా వస్తుంది.

మూడోది ఇప్పుడు మేం వాడుతున్నది. ఎవరినీ తీసేయం, వచ్చినప్పుడు తేదీ చూస్తాం. ఆర్టీసీ బస్ పాస్ ఇలాగే కదా. గడువు తీరిందని ఎవరూ ఇంటికొచ్చి పాస్ లాక్కుపోరు, బస్సెక్కినప్పుడు కండక్టర్ తేదీ చూస్తాడు. చాలా బయోమెట్రిక్ మెషిన్లలో ఒక్కో మెంబర్‌కు ఆఖరి తేదీ పెట్టే వీలుంటుంది. ఆ తేదీ మెషిన్‌లోనే ఉంటుంది కాబట్టి నెట్ లేకపోయినా పనిచేస్తుంది. డబ్బు కడితే తేదీ మారుస్తాం, వేలిముద్ర అలాగే ఉంటుంది. రాత్రి నడవాల్సిన పనే లేదు కాబట్టి అది నడిచిందా లేదా అన్న టెన్షన్ లేదు. మెషిన్ గడియారం సరిగ్గా ఉందో లేదో మాత్రం అప్పుడప్పుడు చూసుకోవాలి. ఒక్క జాగ్రత్త ఎవరూ మరవకూడదు: తేదీ లోపలికి వచ్చేటప్పుడే చూడాలి. బయటికి వెళ్లే బటన్‌కు మెంబర్‌షిప్‌తో ఏ సంబంధమూ ఉండకూడదు. నిప్పంటుకున్న రోజు ఎవరి నెల అయిపోయిందో లెక్క చూసుకుంటూ కూర్చోలేం.

ఆన్‌లైన్ టెస్టులకూ ఇదే మేలు, కాకపోతే లాగిన్ దగ్గర మాత్రమే చూస్తే చాలదు. ఫోన్‌లో ఒకసారి లాగిన్ అయినవాళ్లు వారాల తరబడి లోపలే ఉండిపోతారు. టెస్టు తెరిచిన ప్రతిసారీ తేదీ చూడాలి. అలాగని మధ్యలో ఆపకూడదు. గడువులో ఉండగా మొదలుపెట్టిన టెస్టును పూర్తి చేయనివ్వాలి.

గ్రూపులు, ఫోల్డర్ల దగ్గర ఈ పద్ధతి నడవదు. అక్కడ తలుపు మన చేతిలో లేదు, తీసేయడం ఒక్కటే దారి. వాట్సాప్ గ్రూప్‌లో ఫలానా తేదీకి దానంతటదే తీసేసే ఏర్పాటు లేదు, అడ్మిన్ తీయాల్సిందే. టెలిగ్రామ్ ఇన్‌వైట్ లింక్‌కు గడువు పెట్టొచ్చు గానీ ఆ గడువు చేరడానికే, చేరినవాళ్లను అది బయటికి పంపదు. దీన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. డ్రైవ్ ఫోల్డర్‌కు తేదీ పెట్టే సౌకర్యం ఆఫీసులు, స్కూళ్ల రకం అకౌంట్లు కొన్నింటిలో ఉంది. లేనివాళ్లు స్క్రిప్ట్‌తో తీసేయాలి. డౌన్‌లోడ్ చేసుకున్న నోట్సు ఎలాగూ వెనక్కి రాదు, రావాలని నేను అనుకోను కూడా. డబ్బు కట్టిన నెలలో దించుకున్నది వాళ్లదే.

2020లో వచ్చిన యూపీఐ ఆటోపే పెడితే అసలు ఈ బాధే ఉండదని ఒక మిత్రుడు అన్నాడు. 15,000 రూపాయల దాకా ప్రతిసారీ పిన్ అడగకుండా కట్ అవుతుంది, 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది. జీతాలు వచ్చేవాళ్లు ఉండే జిమ్‌కు ఇది చాలా బాగుంటుంది. మా పిల్లలకు వద్దనుకున్నాను. ఇంటి నుంచి వచ్చిన డబ్బు ఏ రోజు అకౌంట్‌లో ఉంటుందో వాళ్లకే తెలియదు. మెస్ బిల్లుకు దాచుకున్నది మన ఫీజు కింద కట్ అయిపోతే ఎలా?

మెషిన్‌కు పని అప్పగించే ముందు నెల అంటే ఎన్ని రోజులో తేల్చుకోవాలి. 30 రోజులని లెక్కిస్తే పన్నెండు నెలలకు 360 రోజులే, మెంబర్‌కు ఐదు రోజులు పోతాయి. మేం తేదీకి తేదీ పెట్టాం. జనవరి 31న చేరినవాళ్లకు షీట్‌లోని ఫార్ములా ఫిబ్రవరి 28 చూపిస్తుంది. అక్కడి నుంచి మళ్లీ నెల కలిపితే మార్చి 28 అవుతుంది, అక్కడ మూడు రోజులు పోయినట్టే. అందుకే ఎప్పుడూ చేరిన తేదీ నుంచే లెక్క కడతాం. ముందే కట్టినవాళ్లకు కొత్త నెల పాత గడువు చివరన కలుస్తుంది, కట్టిన రోజు నుంచి కాదు. ముందుగా కట్టి నష్టపోవడం అన్యాయం.

గడువు తర్వాత మూడు రోజులు అందరికీ ఉంటాయి, అడగక్కర్లేదు. ఆరు రోజులు రాకుండా ఉండిపోయిన ఆ అమ్మాయిని తలచుకునే ఈ నియమం పెట్టాను. మా అన్న చేతిలో ఇంకో ఏడు రోజులు పొడిగించే బటన్ ఉంది, ఎవరికి ఎందుకు ఇచ్చాడో ఒక మాట రాస్తేనే అది పనిచేస్తుంది. అంటే నాయన పత్తి ఇంకా అమ్ముడుపోని పిల్లవాడి మాట వినడానికి మనిషి ఉన్నాడు. తలుపు ఆగేది అర్ధరాత్రి కాదు, ఉదయం 10 గంటలకు, హాల్‌లో మనిషి ఉన్నప్పుడు. రెండు నెలలు రానివాళ్ల వేలిముద్రలు పూర్తిగా చెరిపేస్తాం. 2023 వ్యక్తిగత డేటా చట్టం కూడా అవసరం తీరిన వివరాలు ఉంచుకోవద్దనే అంటుంది.

గడువుకు రెండు రోజుల ముందూ, ఆఖరి రోజూ మెసేజ్ వెళ్తుంది. అందులో "మీ యాక్సెస్ రద్దు చేయబడింది" అన్న పాత మాట తీసేశాను. ఇప్పుడు ఆఖరి రోజు ఇలా వెళ్తోంది: "మీ నెల ఈ రోజుతో అయిపోతుంది. ఇంకో మూడు రోజులు తలుపు తెరుచుకుంటుంది. ఇబ్బంది ఉంటే అన్నకు ఫోన్ చేయండి, రావడం మానకండి."